తెలివైన సాఫ్ట్‌వేర్ కొన్న ఫొటో స్టూడియో

పటాన్‌చెరులో ఫొటో స్టూడియో నడిపి, మోకాళ్లు ఇక స్టూలు ఎక్కలేమని మొరాయించాక కెమెరా పక్కన పెట్టినదాన్ని నేను. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఇప్పటికీ మా ఇంటికి వచ్చి ఏ కెమెరా కొనాలి, ఏ లెన్స్ మంచిది అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. వాళ్లు ఎంతో వినయంగా విని, వెళ్లి ఫోన్‌లో ఎవరో గడ్డం కుర్రాడు చెప్పింది కొంటారు. మంచిదే. కానీ స్టూడియో నడపడానికి ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలని మాత్రం ఒక్కరూ అడగరు. అదేదో కరెంటు మీటరులా దానంతట అదే వచ్చి గోడకు తగులుకుంటుందని అనుకుంటారు కాబోలు. ఎవరూ అడగని ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

మా పని

స్టూడియో నాదీ, రఫియాదీ. ఫొటోలు నేను తీసేదాన్ని. వాటిని దిద్దడం, ఆల్బమ్ కూర్చడం, ఫోన్లు ఎత్తడం, కోపంగా ఉన్న పెళ్లివారిని చల్లబరచడం రఫియా పని. ఇద్దరు ఆడవాళ్లు కలిసి స్టూడియో నడుపుతున్నారంటే చాలామందికి నమ్మకం కుదిరేది కాదు. లోపలికి వచ్చి అటూ ఇటూ చూసి, "సార్ లేడా?" అని అడిగేవారు. మొదట్లో రఫియా ఓపిగ్గా వివరించేది. తర్వాత "సార్ బయటికి పోయిండు" అనడం మొదలుపెట్టింది. ఆ సార్ మేం స్టూడియో మూసేదాకా బయటి నుంచి రాలేదు, ఆయన లేని లోటూ ఎవరికీ తెలియలేదు.

మామూలు రోజుల్లో పాశమైలారం ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరినవాళ్లకు గేటు పాసు ఫొటోలు తీసేవాళ్లం. బిహార్ నుంచీ ఒడిశా నుంచీ వచ్చిన కుర్రాళ్లు ఆదివారం తలకు నూనె పెట్టుకుని వచ్చి, వెనక తాజ్‌మహల్ తెర వేయించుకుని, ఇంటికి పంపడానికి ఫొటో దిగేవారు. ముహూర్తాలు ఉంటే పెళ్లిళ్లు, గృహప్రవేశాలు. పట్టణంలో, చుట్టుపక్కల పెద్ద ఊళ్లలో ముస్లింల ఇళ్లలో ఆడవాళ్ల వైపు ఫొటోలకు మమ్మల్నే పిలిచేవారు.

ఫొటోగ్రఫీ అంటే వెలుగును పట్టుకోవడమని పుస్తకాల్లో రాస్తారు. మా దగ్గర అది పెళ్లికొడుకు మేనమామను పట్టుకోవడం. అందరూ వరసగా నిలబడ్డాక ఆయన ఒక్కడే భోజనాల దగ్గర దొరుకుతాడు.

ఒకే ముహూర్తం, రెండు ఇళ్లు

బుకింగులు నేను గోడ మీది క్యాలెండర్‌లో రాసేదాన్ని. రఫియా తన ఫోన్‌లో రాసుకునేది. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవని మాకు తెలిసొచ్చిన రోజు నేను పటేల్‌గూడలో ఒక గృహప్రవేశంలో పాలు పొంగడం కోసం కెమెరా ఎక్కుపెట్టి ఉన్నాను. సంగారెడ్డి నుంచి ఒక ఆడపిల్ల తండ్రి ఫోన్ చేసి, నిశ్చితార్థం మొదలైపోయిందనీ, ఇంకా ఎక్కడ ఉన్నారనీ అడిగాడు. రఫియా రెండో కెమెరా తీసుకుని ఆటోలో పరుగెత్తింది. తను చేరేసరికి ఉంగరాలు మార్చుకోవడం అయిపోయింది. ఏమాత్రం తొణక్కుండా మళ్లీ మార్చుకోమంది. రెండోసారి పెళ్లికొడుకు ఇంకా బాగా నవ్వాడట.

మర్నాడు రఫియా నా క్యాలెండర్‌ను గోడ నుంచి తీసేసింది. "ఇగ గిట్ల కాదు పద్మక్కా. సాఫ్ట్‌వేర్ పెట్టుకుందాం. నాకు పరేషాన్ అయితున్నది" అంది. తన మాట నిజమే. కాదనడానికి నా దగ్గర కారణం లేదు, క్యాలెండర్ కూడా లేదు.

మూడు సాఫ్ట్‌వేర్‌లు

మొదట చూసింది ఏదో విదేశీయుల కోసం చేసింది. చాలా అందంగా ఉంది. పెళ్లి బుక్ చేయాలంటే పెళ్లికూతురి స్నేహితురాళ్ల గౌన్ల రంగు చెప్పమంది. దంపతుల మొదటి నాట్యం ఎన్నింటికని అడిగింది. ముహూర్తం రాయడానికి చోటు మాత్రం లేదు. నాట్యం దగ్గర రఫియా బరాత్ టైము రాసింది. ఆలోచిస్తే అది తప్పు కూడా కాదు. కానీ తలంబ్రాలను ఏ గడిలో పెట్టాలో ఇద్దరికీ తోచక దాన్ని వదిలేశాం.

రెండోది ఉచితం. ఉచితంగా వచ్చేదానికి ఎక్కడో ఒకచోట మూల్యం ఉంటుందని మేం ఊహించాం, కానీ అది పెళ్లికూతురి నుదుటి మీద ఉంటుందని ఊహించలేదు. మేం పంపిన ఆల్బమ్ తెరవగానే అమ్మాయి మొహానికి అడ్డంగా "అప్పు కావాలా? వెంటనే ఇస్తాం" అని ప్రకటన వచ్చింది. అప్పుడే పెళ్లి ఖర్చులు లెక్క చూసుకుంటున్న ఆమె తండ్రికి అది పనికొచ్చి ఉండవచ్చు. మాకు మాత్రం ఆయన ఫోన్ చేసి చెప్పిన మాటలు పనికిరాలేదు.

మూడోది మేం కొన్నది. దాన్ని అమ్మడానికి గచ్చిబౌలి నుంచి కార్తీక్ అనే అబ్బాయి వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కార్డు, కార్డు మీద "కస్టమర్ సక్సెస్ మేనేజర్" అని ఉంది. అంటే మా విజయానికి బాధ్యుడన్నమాట. ఇన్నేళ్లుగా మా విజయానికి ఒక అధికారి ఉండవలసిందని మాకు తట్టనే లేదు. తన సాఫ్ట్‌వేర్ తెలివైనదని, మేం చెప్పనవసరం లేకుండానే అన్నీ చేసేస్తుందని అన్నాడు. తారీఖులు చూసుకుంటుంది, కస్టమర్లకు తెలుగులో మెసేజ్‌లు పంపుతుంది, పాత కస్టమర్లను గుర్తుపడుతుంది, వాళ్ల పెళ్లిరోజులకు శుభాకాంక్షలు చెబుతుంది.

మేం కూడా తక్కువ వాళ్లం కాదు, గట్టిగా పరీక్షించాం. మా బోర్డు మీది గులాబీ రంగు అందులో వస్తుందా అని నేను అడిగాను. బుకింగ్ వచ్చినప్పుడు గంట మోగుతుందా అని రఫియా అడిగింది. రెండూ కుదురుతాయన్నాడు. మేం చెప్పనవసరం లేకుండా చేసేవాటిలో మేం వద్దనేవి కూడా ఉంటే ఎలా అని ఇద్దరిలో ఎవరమూ అడగలేదు. గులాబీ రంగు బాగా కుదిరింది.

కాల్చడానికి వస్తున్న బృందం

తెలివి కొద్దిరోజులకే బయటపడింది. అమీన్‌పూర్ వైపు ఒక షష్టిపూర్తికి బుకింగ్ ఉంది. ముందురోజు ఆ పెద్దాయన స్టూడియోకు ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు, తెలుసుకోవాలన్న కుతూహలమే ఉంది.

"బిడ్డా, రేపు పొద్దుగాల మమ్మల్ని కాల్చనీకి మీ మంది వస్తున్నరని మెసేజ్ వచ్చింది. ఇద్దర్నీ కాలుస్తరా, నన్నొక్కన్నేనా?"

ఫొటోలకు షూట్ అనే మాట వాడతాం కదా, దాన్ని ఆ తెలివైనది శుద్ధమైన తెలుగులోకి మార్చింది. కార్తీక్‌కు చెబితే అతను నవ్వి, సరిచేయించాడు. ఆ తర్వాత ఒకాయన చనిపోయిన తన తల్లి ఫొటోను పెద్దదిగా చేయించి, పటం కట్టించుకుని వెళ్లాడు. సాయంత్రానికల్లా ఆయనకు "ఈ ఆనంద క్షణాన్ని మాతో పంచుకున్నందుకు ధన్యవాదాలు, మాకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని వెళ్లింది. రఫియా ఆయన ఇంటికి స్వయంగా వెళ్లి మాట్లాడి వచ్చింది. అదీ సరిచేయించాం.

ఇవన్నీ మేం అందరికీ చెప్పుకుని నవ్వుకున్నాం. కొత్త కోడలు మొదట్లో కూరలో ఉప్పు ఎక్కువ వేస్తే సర్దుకుపోయినట్టు సర్దుకుపోయాం. డబుల్ బుకింగులు ఆగిపోయాయి. దాని మీద నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం కుదిరాకే మంజుల వచ్చింది.

మంజుల

మంజుల పెళ్లి ఫొటోలు నేనే తీశాను. సంగారెడ్డి అవతల ఊళ్లో, నర్సింలు అనే అతనితో. అప్పుడు తన నంబరు ఇచ్చి బుక్ చేసుకుంది నర్సింలే. ఏళ్ల తర్వాత ఆమె ఒంటరిగా స్టూడియోకు వచ్చి, కూతురు శ్రావణికి ఓణీల ఫంక్షన్ చేస్తున్నానని చెప్పింది. మనిషి చిక్కింది. ఎడమ చేతి మణికట్టు దగ్గర ఎముక వంకరగా అతుక్కుని ఉంది. ఫొటోలు తీసేవాళ్ల కన్ను అలాంటివి ముందు చూస్తుంది. నేను అడగలేదు, ఆమె ఎక్కువ చెప్పలేదు. నర్సింలును వదిలేసి వచ్చానని, కొల్లూరులో తల్లికి సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇంట్లో ఉంటున్నానని, పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌కు పోతున్నానని చెప్పింది. నంబరు మార్చుకుంది. తామెక్కడ ఉన్నదీ అతనికి తెలియదు.

"మా అడ్రస్ ఎవ్వరికీ చెప్పొద్దు అక్కా. ఫొటోలు బయట పెట్టొద్దు. గంతే" అంది.

రఫియా ఆ మాటను సాఫ్ట్‌వేర్‌లో "గమనిక" అని ఉన్నచోట రాసింది. బుకింగ్ పూర్తి కాగానే తెర మీద రంగురంగుల కాగితం ముక్కలు రాలాయి. "మీ పాత కస్టమర్ మళ్లీ వచ్చారు! కుటుంబ ప్రొఫైల్ సిద్ధం" అని వచ్చింది. పాపం, సాఫ్ట్‌వేర్ ఎంత సంబరపడిందో. ముగ్గురం చూసి నవ్వుకున్నాం కూడా. పాత పేర్లు, నంబర్లు అన్నీ ఆ కంపెనీవాళ్లే అందులోకి ఎక్కించారు. మంజుల పేరు చూసి పాత పెళ్లి బుకింగ్‌ను వెతికి పట్టుకుని, విడిపోయిన ఆ ఇద్దరినీ ఎవరినీ అడగకుండా అది మళ్లీ కలిపేసింది. గమనికను అది చదవదని, అది మనుషులు చదువుకోవడానికేనని తర్వాత తెలిసింది.

కొల్లూరులో రెండు బ్లాకుల మధ్య ఖాళీ స్థలంలో షామియానా వేశారు. ఆ బ్లాకుల ఆడవాళ్లందరూ తలా ఒక పని పంచుకున్నారు. శ్రావణి ఆకుపచ్చ ఓణీలో కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లందరూ బుగ్గలకు పసుపు రాస్తుంటే ముక్కు ముడుచుకుంటూ నవ్వుతోంది. నేను అమ్మమ్మను దగ్గరికి జరగమంటున్నాను. అప్పుడు జనం మధ్యలోంచి తెల్లచొక్కా వేసుకున్న మనిషి స్వీటు డబ్బాతో వచ్చాడు. నేను పోల్చుకునేలోపే మంజుల పోల్చుకుంది. చేతిలోని అక్షింతల పళ్లెం కింద పెట్టేసి కూతురికి అడ్డంగా నిలబడింది.

ఎట్లా వచ్చావని మంజుల తల్లి అడిగింది. నర్సింలు ఏమీ దాచలేదు, అరవలేదు కూడా. ఫోన్ తీసి అందరికీ కనబడేట్టు పట్టుకున్నాడు.

"నేనేం దొంగతనంగ రాలే. స్టూడియోవాళ్లే పిలిచిండ్రు."

నేను దగ్గరికి వెళ్లి చూశాను. మా గులాబీ రంగు, మా బోర్డు మీది కెమెరా బొమ్మ. "రేపు మీ ఇంటి వేడుకకు మా బృందం వస్తోంది" అన్న మాట. దాని కింద బ్లాకు నంబరు, ఇంటి నంబరు, దారి చూపించే పటం. ఈసారి తెలుగులో ఒక్క తప్పు లేదు.

మంజుల నా వైపు చూసి, "నువ్వు చెప్పినవా అక్కా?" అని అడిగింది.

నా వృత్తి మొత్తంలో అంత చిన్న ప్రశ్నకు అంత కష్టపడి జవాబు చెప్పింది లేదు. నేను చెప్పలేదని, మా సాఫ్ట్‌వేర్ పంపిందని అన్నాను. ఆ మాట నాకే ఎంత చవటగా వినిపించిందంటే, వెంటనే "మా స్టూడియో నుంచే పోయింది" అన్నాను. ఆమె తల ఊపింది. నన్ను తిట్టడానికి ఆమెకు అప్పుడు తీరిక లేదు.

నర్సింలు కూతురితో ఒక్క ఫొటో దిగి పోతానన్నాడు. నన్ను కెమెరా ఎత్తమన్నాడు. చుట్టూ ఎవరూ కదలడం లేదు. అతన్ని బతిమాలితే పోతాడా, గదమాయిస్తే గొడవ చేస్తాడా అని అందరూ నాలాగే లోలోపల లెక్క వేసుకుంటున్నారు. ఒక్క ఫొటోనే కదా, తీసేస్తే పీడ పోతుందని పక్కనున్న ఒకాయన నాతో గొణిగాడు. ఆ ఒక్క ఫొటో పట్టుకుని రేపు అతను ఊళ్లో ఏం చెప్పుకుంటాడో ఆయనకు తెలియకపోవచ్చు. ఫొటోలో పక్కపక్కన నిలబడ్డవాళ్లు ఒక కుటుంబం అని జనం అనుకుంటారు. ఆ అనుకోవడం మీదే నేను ఇన్నేళ్లు బతికాను.

కెమెరా మెడలోంచి తీసి సంచిలో పెట్టాను. "నన్ను పిలిచింది మంజుల. ఆమె తియ్యమంటేనే తీస్త" అన్నాను.

మంజుల కూతురి వైపు ఒకసారి చూసింది. శ్రావణి కుర్చీలోంచి లేచి తల్లి కొంగు పట్టుకుంది. మంజుల గొంతు పెంచకుండా అతనితో, "ఇంటిదాకొచ్చినవ్. అన్నం తిని పో. ఫొటో లేదు" అంది.

ఆ మాటతో ఆడవాళ్లకు ఎక్కడలేని ప్రాణం వచ్చింది. ఒకామె విస్తరి వేసింది. ఇంకొకామె అతని పక్కనే నిలబడి, ఏం కావాలో అడుగుతూ వడ్డించింది. నలుగురైదుగురు చుట్టూ చేరి అంత మర్యాదగా తినిపిస్తుంటే అతనికి తినడం తప్ప దారి లేకపోయింది. సగం తిని చెయ్యి కడుక్కున్నాడు. స్వీటు డబ్బా కుర్చీ మీద పెట్టి వెళ్లిపోయాడు.

విజయానికి బాధ్యుడి జవాబు

అంతటితో అయిపోతే బాగుండేది. ఇల్లు తెలిసింది కదా, కొన్నాళ్లకు నర్సింలు తాగి వచ్చి బ్లాకు కింద నిలబడి కేకలు వేశాడు. మంజుల పోలీస్ స్టేషన్‌కు వెళ్తే రఫియా, నేను కూడా వెళ్లాం. అడ్రస్ అతనికి ఎవరు పంపారని ఫిర్యాదు రాసుకుంటున్న ఆయన అడిగాడు. సాఫ్ట్‌వేర్ అని రఫియా చెప్పింది. ఆయన కలం ఆపి, దాని ఊరు, తండ్రి పేరు చెప్పమన్నాడు. వెటకారమో, ఫారంలో అలా ఉందో తెలియలేదు. నర్సింలును పిలిపించి, మళ్లీ రానని రాయించుకున్నారు. ఆ తర్వాత అతను రాలేదు. కానీ రాడని నమ్మకం కుదిరేదాకా శ్రావణి పెద్దమ్మ ఇంటి నుంచి బడికి వెళ్లింది, మంజుల ఫ్యాక్టరీ బస్సు దిగాక ఒక్కతే నడిచేది కాదు. మా బుకింగులు సరిగ్గా ఉండడం కోసం వాళ్లు చెల్లించింది అది.

కార్తీక్‌కు ఫోన్ చేశాను. అంతా విని, చాలా బాధగా ఉందన్నాడు. చూసి చెబుతానన్నాడు. చూసి, చెప్పాడు.

"సిస్టమ్‌లో తప్పేం లేదు మేడం. ఫ్యామిలీ ప్రొఫైల్ అంటే ఫ్యామిలీ అందరికీ మెసేజ్ పోతుంది. అది ఫీచర్."

ఆ ఫీచర్‌ను ఆపేయవచ్చా అని అడిగితే, ఎవరూ అడగలేదు కాబట్టి ఆపే వీలు పెట్టలేదన్నాడు. జరిగినదానికి ఒక నెల ఉచితంగా ఇస్తామన్నాడు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. అతనికి నేర్పిన మాటలు అవి, వాటిలో కొల్లూరు లేదు. మేం దాన్ని మానేస్తుంటే తెర మీద "ఎందుకు వెళ్లిపోతున్నారు?" అని అడిగింది. ఖరీదు ఎక్కువ, వ్యాపారం మూసేశాం, ఇంకో సాఫ్ట్‌వేర్ నచ్చింది అని మూడే కారణాలు ఇచ్చింది. రఫియా చాలాసేపు చూసి, వ్యాపారం మూసేశాం అన్నదాన్ని నొక్కింది. లేకపోతే మళ్లీ ఫోన్లు చేస్తారని తన భయం.

మీరు కొనేటప్పుడు

ఇప్పుడు అసలు మాట. సాఫ్ట్‌వేర్ వద్దని నేను అనను. ఒకే ముహూర్తానికి రెండు ఇళ్లకు మాట ఇవ్వడం కూడా తప్పే, ఉంగరాలు ప్రతిసారీ రెండోసారి మార్చుకోరు. కానీ అమ్మడానికి వచ్చినవాడు అది ఏమేం చేస్తుందో చెబుతుంటే ఓపిగ్గా విని, నన్ను అడగకుండా ఎవరికి ఏం చెబుతుందని అడగండి. ఆ తర్వాత మా దగ్గరికి వచ్చిన ఇద్దరు అమ్మకందార్లకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఒకరు గులాబీ రంగు కూడా ఉందని చెప్పారు.

ఫొటోగ్రాఫర్‌కు ఇళ్ల లోపలి సంగతులు చాలా తెలుస్తాయి. ఎవరు ఎవరి పక్కన నిలబడరో, ఏ ఫొటోలో ఎవరిని చివర ఉంచితే తర్వాత కత్తిరించడానికి వీలవుతుందో మనకు తెలుసు. ఆ తెలిసినవాటిని లోపల పెట్టుకోవడం సగం వృత్తి. ఈ సగాన్ని ఏ కోర్సులోనూ నేర్పరు, ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీకీ ఇది పనిగా కనిపించదు.

చివరికి మేం ఒక మందకొడి సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. తారీఖులు దాచుకోవడం, ఒకే రోజు రెండు వస్తే ఎర్రగా చూపించడం, అంతే దానికి వచ్చింది. ఎవరి పెళ్లిరోజూ దానికి గుర్తుండదు. ఎవరి పాత పరిచయాలూ కలపదు. మెసేజ్ పంపాలంటే మనమే రాసి, మనమే పంపాలి. దాన్ని చూసి ఒక తోటి స్టూడియో ఆయన, ఈ కాలంలో కూడా ఇంత వెనకబడి ఉన్నారేమిటని జాలిపడ్డాడు.

శ్రావణి ఆల్బమ్‌ను రఫియానే కొల్లూరు తీసుకెళ్లి ఇచ్చింది. మంజుల మళ్లీ మా స్టూడియో మెట్లెక్కుతుందని నేను అనుకోలేదు. చాలా రోజులకు, ఫ్యాక్టరీ సెలవు రోజున వచ్చింది. చీర కొత్తది. శ్రావణి బాగా చదువుతోందని చెప్పింది. కుర్చీలో కూర్చుని కాసేపు అటూ ఇటూ చూసి, "నాకొక ఫొటో తియ్యి అక్కా. నాకొక్కదానికే" అంది.

దేనికని అడిగాను. సైజు తెలియడానికే అడిగాను, ఫ్యాక్టరీకా, బ్యాంకుకా అని.

"దేనికీ కాదు. ఊకెనే" అంది.

లైట్లు వేశాను. ఎడమ చేతిని ఎలా పెట్టమంటావని అడిగింది. ఎలా ఉంటే అలా ఉంచమన్నాను. తాజ్‌మహల్ తెర వద్దంది. పెళ్లినాటి ఫొటోల్లో ఆమె ఎప్పుడూ పక్కకు చూస్తూ ఉంటుంది, ఎవరైనా ఏమైనా అంటారేమోనన్నట్టు. ఈసారి సూటిగా కెమెరాలోకి చూసింది. ఒక్కటి చాలంది, నేను చాలా తీశాను.

రఫియా బుకింగ్ ఎక్కించడానికి కూర్చుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో "సందర్భం" అని ఒక గడి ఉంది. ఏం రాయమంటావన్నట్టు నా వైపు చూసింది. ఖాళీగా వదిలేయమన్నాను. వదిలేసింది. సాఫ్ట్‌వేర్ ఏమీ అనలేదు. మేం దాన్ని కొన్నది అందుకే.